ఆయమ్మ డబ్బాలో రెండు గుండీలు

మంగళవారం పొద్దున నందిగామ హాస్టలు నుంచి వార్డెనమ్మ ఫోను చేసింది. అప్పుడు నేను జగ్గయ్యపేటలో మా డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఆయమ్మ వెళ్ళిపోయిందని చెప్పింది. ఎప్పటిలాగే లేచి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చాప మీద ప్రార్థనకు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకి ఒరిగిపోయిందట. పిల్లలు ఉప్మా పళ్ళెం తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. ఎనభై దాటిన ప్రాణం. ఎవరినీ మంచం దగ్గర కూర్చోబెట్టుకోకుండా వెళ్ళింది.

నేను దోసిట్లో మిరపకాయలతో అట్లాగే నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే, ఇక చెప్పలేను కదా అని. ఆయమ్మకి నేను చెప్పవలసిన మాట ఒకటి అయిదేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. పేట నుంచి నందిగామకి బస్సులో గంట ప్రయాణం. ఈ అయిదేళ్ళలో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ మాట మాత్రం ఒక్కసారీ నోరు దాటలేదు.

మన సంఘాల పత్రిక వాళ్ళు ఆయమ్మ గురించి రాయమని నన్నే అడిగారు. ఆమె పెంచి దూరదేశం పంపిన మిషనరీవి నువ్వే కదా, నువ్వు రాస్తేనే బాగుంటుంది అన్నారు. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు తెలిసినట్టే రాస్తాను. చదివినాక మీలో కొందరికి నా మీద కోపం రావచ్చు. రావాలి కూడా.

ముందు ఆయమ్మ గురించి చెప్పనివ్వండి.

నన్ను హాస్టల్లో చేర్చేటప్పటికి నాకు పదకొండేళ్ళు. మాది ముక్త్యాల దగ్గర పల్లె. నాన్న సిమెంటు బస్తాలు మోసేవాడు, అమ్మ పత్తి తీతకు వెళ్ళేది. నాన్న నన్ను ట్రంకుపెట్టెతో హాస్టలు గేటు దగ్గర దించి, వెనక్కి చూస్తే నేను ఏడుస్తానని చూడకుండానే వెళ్ళిపోయాడు. నేను ఏడవలేదు. గేటు పట్టుకుని నిలబడి చొక్కా గుండీ ఒకటి మెలితిప్పి మెలితిప్పి ఊడబెరుక్కున్నాను. అప్పుడు ఆయమ్మ వచ్చింది. నా గుప్పెట విప్పి ఆ గుండీ తీసుకుని, "ఏమే, వచ్చీరాగానే నాకు పని పెట్టావా?" అంది. తన జాకెట్టు భుజానికి గుచ్చుకున్న సూది తీసి, చొక్కా నా ఒంటి మీద ఉండగానే కుట్టేసింది. కదిలితే గుచ్చుకుంటుందని నేను ఊపిరి బిగబట్టాను. ఆ బిగబట్టడంలోనే ఏడుపు ఆగిపోయింది. అది ఆవిడ ఉపాయమని చాలా ఏళ్ళకు తెలిసింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ ఏదో ఒక గుండీ కుట్టేది, ఊడకపోయినా.

ఆవిడది రెడ్డిగూడెం వైపు. చిన్నప్పుడే భర్త పోతే మిషన్ హాస్టల్లో ఆయాగా చేరిందట. పేరు ఉండే ఉంటుంది, మేమెవ్వరం ఆ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆయమ్మే. పొద్దున బడికి వెళ్ళేముందు అరవైమంది పిల్లలం వరసలో నిలబడితే ఒక్కొక్కళ్ళ తలా, గోళ్ళూ, గుండీలూ చూసేది. కుట్టడం అయ్యాక దారం పంటితో తెంపి, సూదిలో మిగిలిన దారాన్ని పారెయ్యకుండా సూది చుట్టూ చుట్టి మళ్ళీ భుజానికి గుచ్చుకునేది. ఎక్కించిన దారం అయిపోయేదాకా వాడాలి, మధ్యలో వదిలెయ్యకూడదు అనేది.

చదువు రాదు. అందుకని ప్రార్థనకు ఆవిడ పద్ధతి ఆవిడదే. వంటింటి పక్కన రుబ్బురోలు ఉండే చిన్న గదిలో, తెల్లవారకముందే చాపేసుకుని, ముందర రెండు పాలపొడి డబ్బాలు పెట్టుకునేది. ఒక డబ్బాలో నిండా గుండీలు. ఒక్కొక్క గుండీ తీసి గుప్పెట్లో పట్టుకుని, ఆ మనిషి పేరెత్తి, నాలుగు మాటలు ప్రభువుతో చెప్పి, రెండో డబ్బాలో వేసేది. పదో తరగతి అయిపోయి హాస్టలు వదిలి వెళ్ళే పిల్ల చొక్కా నుంచి ఒక గుండీ తీసి దాచుకునేది. అన్ని వందల గుండీల్లో ఏది ఎవరిదో ఆవిడకి చెయ్యి తగిలితే తెలిసేది. నాది అంచు కాలిన తెల్ల గుండీ. ఇస్త్రీ చేస్తూ నేనే కాల్చుకున్నాను.

ఒకసారి పాస్టరు గారు ఆ డబ్బాలు చూసి, "ఏంటమ్మా, జపమాల పట్టావా? బిషప్పు గారికి చెప్పనా?" అని నవ్వారు.

"మీకు పేర్లు పుస్తకంలో ఉంటయ్ అయ్యగారూ. నాకు డబ్బాలో ఉంటయ్. మీ పుస్తకంలో మరిచిపోయినోళ్ళు ఎవరన్నా ఉంటే ఓ గుండీ ఇచ్చిపోండి" అంది ఆవిడ. ఆయన తన కొడుకు పేరు చెప్పి, చొక్కా చేతి గుండీ తీసి ఇచ్చారు. ఆయన కొడుకు గుండీ అని దాన్ని ఆవిడ చివరిదాకా ఉంచింది.

నా పెళ్ళయ్యాక కూడా ఏదో ఒక పని మీద హాస్టలుకి వెళ్తూనే ఉండేదాన్ని. మాకు పిల్లలు లేరు. మా ఆయన మోటార్లూ జనరేటర్లూ బాగుచేస్తారు. నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు, మన సంఘాల తరఫున మలావీ దేశంలో ఒక మిషన్ ఆసుపత్రికి అలాంటి పని తెలిసిన మనిషి కావాలని పిలుపు వస్తే ఇద్దరం ఒప్పుకున్నాం. వీడ్కోలు కూడిక మన పేట మందిరంలోనే జరిగింది. అందరూ దండలు వేశారు. ఆయమ్మ ఒక నీలం స్వెట్టరు తెచ్చింది. ఆఫ్రికా అంటే ఎండలు కదా ఆయమ్మా అంటే, అక్కడ జూన్‌లో చలేస్తుందని ఎవరో చెప్పారట. నందిగామ బజారులో కొన్నదట. "గుండీలు నాసిరకంగా ఉంటే గట్టిగా వేశాలే" అంది. నేను సరేనని మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆ గుండీల వైపు చూడను కూడా లేదు.

ఆ రోజే, అందరూ భోజనాలకు లేచాక, నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఇవి.

"అక్కడందరి కోసం ప్రార్థన చేస్తావు, అది మంచిదే. నీ కోసం చేసుకోవడం మానబాకు. ఒక ఏడాది నేనట్టా మానేశా. అరవైమంది పిల్లల పేర్లూ ఎత్తేదాన్ని, నా పేరు ఎత్తేదాన్ని కాదు. నాకేంలే అనుకున్నా. ఓరోజు అన్నం పారబోసిందని ఓ పిల్లని గరిటె పెట్టి కొట్టా. రక్తం వచ్చింది. అప్పుడు చూసుకుంటే నా లోపల ఏం లేదమ్మాయ్, ఎండిపోయి ఉంది. ఎప్పుడెండిందో కూడా తెలియలా."

ఇంకో మాట కూడా అడిగింది. ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాయమని. ఫోన్లో అయితే బాగున్నా బాగున్నా అని పెట్టేస్తావు, ఉత్తరమైతే పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంటా అంది.

మలావీలో నేను తొమ్మిదేళ్ళు ఉన్నాను. నేను దారి తప్పిన రోజు ఫలానా అని చెప్పడానికి లేదు. మొదటి ఏడాది తెల్లవారుతుండగా లేచి, ఆసుపత్రి వెనక ఎర్రమట్టి గట్టు మీద కూర్చుని ప్రార్థించుకునేదాన్ని. రెండో ఏడాది ఆసుపత్రి వంటశాల నా చేతికి వచ్చింది. రోగులకూ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకూ మొక్కజొన్న గంజి పొద్దున్నే కాచాలి. ప్రార్థన వేళా, పొయ్యి ముట్టించే వేళా ఒకటే అయ్యాయి. పొయ్యి దగ్గరికే వెళ్ళాను. ఇదీ ప్రభువు పనే కదా అనుకున్నాను. అబద్ధం కాదు, అది ఆయన పనే. అందుకే నన్ను ఎవరూ తప్పు పట్టలేదు, నన్ను నేనూ పట్టుకోలేదు.

తర్వాత తర్వాత బైబిలు తెరిచేది గురువారం స్త్రీల కూడికలో చెప్పడానికి మాత్రమే. వాక్యం చదువుతుంటే, ఇది వాళ్ళకు ఎలా చెప్పాలి అన్న ఆలోచనే తప్ప ఇది నాకు ఏం చెబుతోంది అన్నది ఉండేది కాదు. నలుగురిలో ప్రార్థన చేయమంటే గుక్క తిప్పుకోకుండా చేసేదాన్ని. ఒంటరిగా మోకరిస్తే ఒక్క మాట వచ్చేది కాదు. లేచి గిన్నెలు సర్దుకునేదాన్ని. మనవాళ్ళకు పంపే ఫోటోల్లో మాత్రం నల్లజాతి పిల్లల మధ్య నవ్వుతూ నిలబడేదాన్ని. ఆ ఫోటో మన మందిరం గోడకి అంటించారని విని సంతోషించాను కూడా.

ఆరో ఏడాది వానాకాలంలో ఆయమ్మ ఉత్తరం వచ్చింది. ఆరో తరగతి పిల్ల గుండ్రటి చేతిరాత. చివర ఎప్పుడూ ఉండే ప్రశ్నే ఉంది. నీ కోసం ఏమని అడగమంటావు? ఎప్పుడూ ఏ జ్వరమో, వీసానో రాసేదాన్ని. ఆ రోజు ఎందుకో నిజం రాశాను. నాకు ప్రార్థన రావడం లేదు ఆయమ్మా, లోపల ఎండిపోయింది అని రెండు వాక్యాలు రాశాను. రాశాక మళ్ళీ చదువుకున్నాను. ఇది ఆయమ్మ ఒక్కతే వినదు. ఎవరో పిల్ల గట్టిగా చదువుతుంది. వార్డెనమ్మ వింటుంది. వారం తిరక్కుండా మన సంఘాలన్నిటికీ తెలుస్తుంది. మిషనరీకే ప్రార్థన రావడం లేదట అంటారు.

ఆ కాగితం చించి పొయ్యిలో వేశాను. కొత్త కాగితం తీసుకుని ఇట్లా రాశాను. మా వంటశాలలో ఆగ్నెస్ అనే ఆవిడ ఉంది. మంచి విశ్వాసి. పాపం, కొంతకాలంగా ఆమెకు ప్రార్థన రావడం లేదు, లోపల ఎండిపోయిందని ఏడుస్తోంది. ఆమె కోసం ప్రార్థించండి.

మా వంటశాలలో ఆగ్నెస్ లేదు. ఆసుపత్రిలోనే లేదు. నేను ఏడవనూ లేదు.

నెలన్నరకు జవాబు వచ్చింది. హాస్టలు పిల్లలందరూ ఆగ్నేసమ్మ కోసం శుక్రవారం పొద్దున టిఫిను మానేసి ప్రార్థన చేస్తున్నారట. ఆమె గుండీ ఒకటి పంపమని ఆయమ్మ అడిగింది. గుండీ లేకపోతే నాకు చెయ్యి ఆనదు అని రాయించింది.

అప్పటికైనా నేను నిజం చెప్పి ఉండవచ్చు. పదేళ్ళ పిల్లలు ఆకలితో బడికి పోతున్నారని చదివి కూడా నేను చేసిన పని ఏమిటంటే, పెట్టెలో మడిచి ఉన్న పాత స్వెట్టరు తీసి, పైనుంచి మూడో గుండీ కోసి, కాగితంలో చుట్టి కవరులో పెట్టాను. గోధుమరంగు గుండీ, నాలుగు చిల్లులది. ఆగ్నెస్ ఇచ్చింది అని రాశాను.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలో ఆమె సంగతే. ఆగ్నేసమ్మ తింటోందా, నిద్ర పడుతోందా, ఎవరితోనన్నా గొడవ పడుతోందా అని. ఒక ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో ఇలా ఉంది. "ఆగ్నేసమ్మకి చెప్పు. ప్రార్థన రాకపోతే రానక్కర్లేదు, మాటల కోసం తడుముకోవద్దను. చాపేసుకుని ఊరికే కూర్చోమను. పుట్టింటికొచ్చిన పిల్ల ఏం మాట్లాడకుండా వాళ్ళమ్మ పక్కన కూర్చోదూ, అట్టా. పొయ్యి ఎవరో ఒకరు ముట్టిస్తారు, ఓ పూట ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరని చెప్పు."

పొయ్యి సంగతి నేను నా గురించే రాశాను గానీ, ఆగ్నెస్ గురించి ఎప్పుడూ రాయలేదు. ఆ రోజు ఆ మాట దగ్గర నేను ఆగలేదు. వంటశాలలో ఎవరికైనా పొయ్యే కదా అనుకున్నాను.

మర్నాడు పొయ్యి పని నాతో పనిచేసే ఆవిడకి అప్పగించి, గట్టు మీద చాపేసుకుని ఊరికే కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ కూర్చున్నాను. నెల రోజులు గడిచాక ఒక పొద్దున, కొండ మీద వాన కనబడుతుండగా, ప్రభువా అని ఒక్క మాట వచ్చింది. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్ళు ఆకలిగా ఉన్నానో అప్పుడు తెలిసింది. అక్కడే పడి ఏడ్చాను. ఆ రోజు నుంచి నెమ్మదిగా నడక దారిలో పడింది.

గట్టు దిగి ఇంటికి వచ్చి ఆయమ్మకి ఉత్తరం రాశాను. ఆగ్నెస్ బాగుంది, ప్రార్థన చేసుకుంటోంది అని. హాస్టల్లో ఆ ఉత్తరం చదివిన రోజు పిల్లలు స్తుతి పాటలు పాడి బెల్లం పంచుకున్నారట.

మేము తిరిగొచ్చాక ఆ సంగతి విన్న పెద్దలు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పేటలో చెప్పాను. నందిగామలో చెప్పాను. స్త్రీల సభల్లో మైకు ముందు నిలబడి, ఆగ్నెస్ ముఖం ఎట్లా ఉంటుందో, ఆమె ఎట్లా గట్టు మీద పడి ఏడ్చిందో చెప్పాను. మీలో కొందరు విన్నారు. విని కళ్ళు తుడుచుకున్నారు. అవును, ఆ సాక్ష్యమే. అందులో జరిగినదంతా నిజం, జరిగిన మనిషి పేరు ఒక్కటే అబద్ధం. ఇట్లా రాయడం కూడా నన్ను నేను తప్పించుకోవడమే అవుతుంది. అది అబద్ధ సాక్ష్యం. అంతే.

తిరిగొచ్చిన వారానికే ఆయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆయాగా పని మానేసినా హాస్టలు వాళ్ళు ఆవిడని ఆ రుబ్బురోలు గదిలోనే ఉండనిచ్చారు. నన్ను చూసి చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తిన్నావా, చిక్కిపోయావు అని అన్నీ అయ్యాక అడిగింది.

"ఆగ్నేసమ్మ ఎట్టా ఉంది?"

"బాగుందాయమ్మా."

"ఉత్తరాలు రాస్తందా?"

"అప్పుడప్పుడు."

ఆవిడ నా ముఖం వైపు చూసింది. శుక్లాలు పడిన కళ్ళు, నేను సరిగ్గా కనబడననే ధైర్యంతో నేనూ చూశాను. "సరేలే. ఏదన్నా చెప్పాలనిపించినప్పుడు చెప్పు. నేనెక్కడికి పోతా?" అంది.

ఆగ్నెస్ కబురు ఏదైనా వస్తే చెప్పమంటోంది అనుకున్నాను. ఆ అయిదేళ్ళలో వెళ్ళినప్పుడల్లా ఒకసారి అడిగేది. రెండోసారి రెట్టించేది కాదు. వెళ్ళేటప్పుడు బస్సులో, చిల్లకల్లు దాటేదాకా, ఈసారి చెప్పేస్తాను అని పాఠంలా వల్లించుకునేదాన్ని. నందిగామలో దిగేసరికి, పెద్ద ప్రాణం, ఇన్నేళ్ళు ఎవరూ లేని మనిషి కోసం ప్రార్థించానని తెలిస్తే తట్టుకోలేదేమో అని నాకు నేనే నచ్చచెప్పుకునేదాన్ని. జాలి ముసుగేసుకున్న పిరికితనం అది. చెప్పకపోతే ఆవిడకి మంచిదని కాదు, నాకు మంచిదని.

చివరిసారి వెళ్ళి రెండు నెలలైంది. దానిమ్మకాయలు తీసుకెళ్ళాను. పళ్ళు లేవు, గింజలు ఏం తింటా, రసం తీసి పిల్లలకివ్వు అంది. మళ్ళీ ఆగ్నేసమ్మ సంగతి అడిగింది. మళ్ళీ బాగుందనే చెప్పాను. ఆవిడ సూదీ దారం నా చేతికిచ్చింది.

"ఎక్కించవే. కళ్ళు ఆనటంలా. పొడుగ్గా ఎక్కించు, మాటిమాటికీ ఎవర్నీ అడగలేను."

ఎర్రదారం. జానెడు కాదు, మూరెడు పొడుగు ఎక్కించి ఇచ్చాను. దేనికని అడగలేదు. బస్సు వేళైందని లేచాను. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళమ్మాయ్ అంది. అవే ఆఖరి మాటలు.

బుధవారం సమాధి చేశాం. ఎక్కడెక్కడి నుంచో హాస్టలు పిల్లలు వచ్చారు. పిల్లలు అంటున్నాను గానీ, నెరిసిన జుట్టువాళ్ళు, మనవలున్నవాళ్ళు. మట్టి వేసేటప్పుడు చాలామంది చేయి తెలియకుండానే చొక్కా మీదికో జాకెట్టు మీదికో వెళ్ళడం చూశాను. మూడోరోజు జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో వార్డెనమ్మ, వెనకంతా హాస్టలు పిల్లలు. శుక్రవారం టిఫిను మానుకున్న పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు, వాళ్ళూ వచ్చారు. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. నిలబడి, మొదటి రోజు గేటు దగ్గర గుండీ సంగతి చెప్పి, అందరినీ నవ్వించి, ఏడ్పించి, కూర్చున్నాను.

కూడిక అయ్యాక వార్డెనమ్మ డబ్బా తెచ్చింది. ఎవరి గుండీ వాళ్ళకి ఇచ్చెయ్యమని ఆయమ్మ ముందే చెప్పిందట. చాలా గుండీలు ఎవరివో తెలియలేదు, ఆవిడ చేతికి తప్ప తెలియవు. తెలిసినవాళ్ళు వెతుక్కుంటున్నారు. వార్డెనమ్మ ఒక చిన్న తెల్లగుడ్డ ముక్క నా చేతిలో పెట్టింది. దాని మీద రెండు గుండీలు పక్కపక్కనే, ఒకే ఎర్రదారంతో, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారం లాగి కలిపి కుట్టి ఉన్నాయి. ఒకటి అంచు కాలిన తెల్ల గుండీ. రెండోది గోధుమరంగుది.

"ఇవి రెండూ మీవేనటండి. రెండు నెల్ల కింద కుట్టింది. ఎందుకు ఆయమ్మా కలిపావు అని పిల్లలడిగితే, ఇన్నేళ్ళూ రెండుసార్లు ఎత్తా, ఇక ఓపిక లేదే, ఒక్క మనిషేగా అందంట" అంది వార్డెనమ్మ. ఆమెకు దాని అర్థం తెలియదు. మీకు తెలుసేమో అని అడిగింది. నేను తల ఊపాను.

ఆయమ్మ కుట్టుపెట్టె అక్కడే బల్ల మీద ఉంది. మూత తీసి చూశాను. ఓ మూల కాగితం పొట్లంలో అవే గోధుమరంగు గుండీలు మరో రెండు ఉన్నాయి. నాలుగు చిల్లులవి.

పేటకి వచ్చి పెట్టెలోంచి నీలం స్వెట్టరు తీశాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆ గుండీలను సరిగ్గా చూశాను. బజారులో దొరికే స్వెట్టర్లకి అలాంటి గుండీలు ఉండవు. అన్నీ ఆవిడ తన పెట్టెలోవి తీసి వేసినవే. నేను ఆగ్నెస్‌ది అని పంపిన గుండీ కవరులోంచి తీసి చేత్తో తడిమిన క్షణానే ఆవిడకి తెలిసి ఉంటుంది. పిల్లల చేత చదివించుకుంటూ, పేరు ఎత్తకుండా, ఆగ్నేసమ్మకి చెప్పు అంటూ నాకే చెప్పింది. చాప వేసుకుని కూర్చోమన్నది నన్నే. పొయ్యి ఎవరో ఒకరు ముట్టిస్తారన్నది నాకే. తర్వాత అయిదేళ్ళు, నేను వెళ్ళినప్పుడల్లా ఒక్కసారి అడిగి, నా అంతట నేను చెబుతానని చూసింది. చెప్పకుండా వచ్చేశాను.

ఆ సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను. ఆయనకీ తెలియదు, ఆగ్నెస్ స్త్రీల వార్డులో ఎవరో అనుకున్నారట. లేచి వీధి తలుపు వేసి వచ్చారు. తర్వాత, "ముందు పాస్టరు గారికి చెప్పు" అన్నారు. చెప్పాను. పాస్టరు గారు దయగల మనిషి. ప్రభువుకి తెలుసు, క్షమించాడు, అందరికీ తెలియనక్కర్లేదు తల్లీ అన్నారు. ఆ మాటకి నా మనసు ఎంత తేలికపడిందో, అంత భయమేసింది. ఆ తేలికదనం నాకు బాగా తెలిసినది. పొయ్యి దగ్గరికి వెళ్ళిన రోజు కలిగిందీ అదే. మైకులో చెప్పిన అబద్ధాన్ని చెవిలో ఒప్పుకుంటే సరిపోదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆగ్నెస్ కోసం ప్రార్థించినవాళ్ళనీ, పస్తులున్న పిల్లలనీ క్షమాపణ అడుగుతున్నాను. ఆ ప్రార్థనలు ఎవరికీ అందకుండా పోలేదు. అందాయి. నాకు అందాయి. అది చెప్పవలసింది ఆయమ్మకి, రుబ్బురోలు గదిలో, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉండగా. అది మాత్రం ఇక జరగదు. ఈ మాట రాసినందువల్ల ఆ లోటు తీరిందని నేను అనుకోవడం లేదు.

దూరదేశం సేవకు వెళ్ళే పిల్లలు ఎవరైనా ఇది చదివితే, మీకోసం ప్రార్థించే ఒక్క మనిషికైనా మీ సంగతి మీ పేరుతోనే రాయండి. అంతకన్నా చెప్పే అర్హత నాకు లేదు.

ఈ పొద్దున కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో స్వెట్టరు, పైనుంచి మూడో గుండీ చోటు ఖాళీగా ఉంది. పక్కన ఆ తెల్లగుడ్డ ముక్క. పళ్ళు లేక దారం తెంపలేదేమో, కుట్టడం అయ్యాక ఆవిడ దాన్ని అట్లాగే వదిలేసి, మిగిలిన దారాన్ని సూది చుట్టూ చుట్టి గుడ్డకే గుచ్చి పెట్టింది. నేను ఎక్కించిన దారమే. విప్పి చూస్తే, ఇంకో గుండీకి సరిపడా మిగిలి ఉంది.